అద్దం మేకు

మా గదిలో అద్దం ఉండవలసిన చోట ఉండేది కాదు. తలుపు పక్కన బాగా కిందికి, అది కూడా కుడివైపుకి జరిగి, ఎవరో చిన్నపిల్లల కోసం తగిలించినట్టు ఉండేది. మాకేమో పిల్లలు లేరు. నేను మా ఆయనకంటే బెత్తెడు పొడుగు. పెళ్ళిలో ఆ సంగతి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని చుట్టం లేదు. అంత పొడుగు మనిషిని, ఆ అద్దంలో తల దువ్వుకోవాలంటే మోకాళ్ళు వంచి, మూట ఎత్తబోయే కూలీలా నిలబడాలి. ఈ గదిలోకి వచ్చిన కొత్తలో మేకు కొట్టింది ఆయనే, అదీ ఎడమచేత్తో. కాస్త పైకి కొట్టమని అడిగితే గోడ పెచ్చులూడుతుందనేవారు. మళ్ళీ అడిగితే సుత్తి కనబడటం లేదనేవారు. ఏళ్ళ తరబడి సుత్తి కనబడని ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

మా వీధిలో ఆయన్ని అందరూ కెప్టెన్ గారంటారు. ఆయన కెప్టెనూ కాదు, మరొకటీ కాదు. మామూలు సిపాయి. పాలవాడు పిలిచినా, ఇస్త్రీ బండి వాడు పిలిచినా ఆగి, తాను సిపాయినని దిద్ది మరీ ముందుకు నడుస్తారు. ఆ దిద్దుడు వినడానికే కొందరు అలా పిలుస్తారని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, అందుకే వాళ్ళను చూస్తే ఒళ్ళు మంట.

యుద్ధంలో ఆయన పక్కనే గుండు పేలింది. ఇనుప ముక్కలు కుడిభుజంలో దిగబడ్డాయి. కొన్నిటిని తీశారు, కొన్నిటిని అక్కడే వదిలేశారు. చలికాలం వచ్చిందంటే ఆ వదిలేసినవే మా ఇద్దరికీ నిద్ర లేకుండా చేస్తాయి. మోచెయ్యి వంగుతుంది, వేళ్ళు ఆడతాయి, భుజం మాత్రం లేవదు. ఆ చేత్తో పై అరలోని డబ్బా అందుకోలేరు. చొక్కా తనంతట తాను వేసుకోలేరు. పెళ్ళైన మర్నాటినుంచి ఆయనకి చొక్కా తొడిగేది నేనే. ముందు కుడిచెయ్యి, తర్వాత వీపుమీదుగా లాగి ఎడమచెయ్యి. పెళ్ళికి ముందే ఈ పని ఉంటుందని ఎవరూ చెప్పలేదని ఆయన్ని ఏడిపిస్తూ ఉంటాను.

ఇంత దెబ్బ తగిలిన మనిషికి పెన్షన్ ఎందుకు రాలేదని ఎవరైనా అడుగుతారు. సైన్యంలోంచి పంపించే ముందు డాక్టరు అడిగాడట, భుజం ఎలా ఉందని. తిరిగి తన దళంలోకి పంపిస్తారన్న ఆశతో మా ఆయన బాగానే ఉందన్నారట. వాళ్ళు ఆ మాట రాసుకుని, మనిషిని మాత్రం ఇంటికి పంపించారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పోనుపోనూ రావడం మానేసింది.

ఆ తర్వాత ఆయన ఒక గోడౌన్‌లో కాపలా పనికి కుదిరారు. షట్టరు ఎత్తడానికి పొడుగాటి ఇనుప కొక్కెం చేయించుకుని ఎడమచేత్తో లాగేవారు. పాత యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పెత్తనం కొడుకు చేతికి రాగానే మా ఆయన్ని ఇంటికి పంపేశాడు. ఇక మిగిలింది నా సంపాదన. దర్జీ కొట్టునుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇస్తాను. ఒకప్పుడు నా కాజా చూపించి దర్జీ తన పనివాళ్ళను తిట్టేవాడు. ఇప్పుడు నా కళ్ళు మసకబారాయి. సూదిలో దారం ఎక్కించడానికి పక్క గదుల వాళ్ళను బతిమాలుకోవలసి వస్తోంది. దర్జీ మంచివాడే, పల్లెత్తు మాట అనలేదు. ఇచ్చే చొక్కాలు మాత్రం తగ్గించాడు. అద్దె బకాయి పడ్డాక ఇంటాయన వచ్చి, వానలు మొదలయ్యేలోగా ఖాళీ చెయ్యమని చెప్పి వెళ్ళాడు.

పనిచెయ్యలేని పేద మాజీ సైనికులకి ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తోందని అప్పుడే తెలిసింది. పెన్షన్ ఆఫీసుకి వెళ్ళి గుమాస్తాని అడిగాను. అతను ఓపిక ఉన్న మనిషి. మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలనీ, చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదని వాళ్ళు తేల్చితే చాలుననీ చెప్పాడు. ఒకవేళ రాకపోతే ఇంకో దారి కూడా ఉందన్నాడు. సైనికుల ఆశ్రమంలో మంచం, భోజనం, మందులు అన్నీ ఉచితమట. నేను సంతోషించేలోగానే, అది మగవాళ్ళకి మాత్రమేనన్నాడు. నాకైతే చెల్లెలి ఇల్లుంది. వంటింట్లో ఒక పక్కన పడుకోవచ్చని అది ఎప్పటినుంచో అంటోంది. దాని వంటింట్లో ఒక పక్క అంటే ఎంతో నాకు తెలుసు. పెన్షన్ వస్తే ఈ గది, ఈ గదిలో ఇద్దరం. రాకపోతే ఊరికి ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఆయనకి అక్కడ చొక్కా ఎవరు తొడుగుతారు అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది.

అయినా నాకు పెద్ద దిగులేమీ లేకపోయింది. లేవని చెయ్యి లేవదని చూపించడం కంటే తేలికైన పని ఏముంటుంది అనుకున్నాను. బోర్డు రోజున ఆయనకి ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగాను. ఆఫీసు నడవాలో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. కాలు లేనివాళ్ళు, కన్ను లేనివాళ్ళు, ఏం లేదో పైకి కనబడనివాళ్ళు. ఆయన అందరినీ పలకరించుకుంటూ ఏ దళం, ఏ కొండ అని అడుగుతూ, పెళ్ళిపందిట్లో తిరిగినట్టు తిరిగారు. పిలుపు వచ్చాక లోపలికి వెళ్ళి, వెళ్ళినంతసేపట్లోనే బయటికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. బోర్డు పెద్ద, మేజరుగా చేసి రిటైరైన ఆయనట, చాలా మర్యాదగా మాట్లాడారట. పని అయిపోయినట్టేనని నేను దారిలో దర్జీ కొట్టులో కూడా చెప్పి వచ్చాను. అంత నోటిదూల అక్కర్లేదని తర్వాత అనిపించింది.

కొన్ని వారాలకి వచ్చిన ఉత్తరంలో, కుడిచెయ్యి కణత దాకా లేస్తోంది కనుక సాయానికి అర్హత లేదని ఉంది. కావాలంటే ఆశ్రమంలో చేరడానికి దరఖాస్తు చేసుకోవచ్చని కింద రాసి ఉంది. ఎవరి కాగితమో మాకు వచ్చిందనుకుని గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. అతను నన్ను చూసి తల కొట్టుకున్నాడు. ఆ రోజు అతను ఆ గదిలోనే ఉన్నాడట. మా ఆయన లోపలికి అడుగు పెట్టి, మేజరుగారిని చూసి, మడమ నేలకేసి కొట్టి సెల్యూట్ పెట్టారట. మేజరుగారు అప్పుడు కళ్ళజోడు కోసం బల్లంతా వెతుక్కుంటున్నారట. ఆయన తలెత్తి తిరిగి సెల్యూట్ పెట్టేదాకా ఈయన పెట్టిన చెయ్యి దించలేదట. పక్కనున్న డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, నొప్పి ఉందా అని అడిగింది, లేదని ఈయన గట్టిగా చెప్పారు. ఆవిడ ముట్టుకుని చూడకుండానే రాసేసుకుంది.

నేను ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. పెన్షన్ పోయినందుకు వచ్చిన కోపం ఒకటి. దానికంటే లోతుగా దిగింది ఇంకొకటి. కణత దాకా లేచే చెయ్యే అయితే, ఇన్నేళ్ళు నాచేత చొక్కా ఎందుకు తొడిగించుకున్నట్టు? రాత్రుళ్ళు నేను కాపడం పెట్టింది దేనికి? అడిగేశాను. ఆయన తప్పు చేసినవాడిలా కాకుండా, చెప్పడానికి వీల్లేనివాడిలా నేలచూపులు చూశారు. అది చూసి నాకు ఇంకా మండింది.

"రేపట్నుంచి మీ చొక్కా మీరే వేసుకోండి. కణత దాకా లేచే చెయ్యి, చొక్కాలోకి లేవదా?"

మర్నాడు నేను కుట్టుపని ముందేసుకుని కూర్చుని, ఆయన వైపు చూడనట్టే ఓరకంట చూశాను. ఆయన చొక్కాని గోడ మేకుకి తగిలించి, దానికి వీపు పెట్టి నిలబడి, వెనక్కి వెనక్కి జరుగుతూ చెయ్యి దూర్చబోయారు. ఒకసారి కాదు. చివరికి భుజం దగ్గర కుట్టు పర్రున చిరిగింది. ఆ చిరిగిన చొక్కా అలాగే భుజాలమీద వేసుకుని, పైన దుప్పటి కప్పుకుని, చలిగా ఉందన్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. నేను చొక్కా లాక్కుని కుట్టు వేశాను. వేశానే గాని తొడగలేదు. అంతటి మొండిదాన్ని నేను.

ఆ మరుసటి ఉదయం ఎప్పటిలాగే బకెట్టు తీసుకుని వీధి కుళాయికి వెళ్ళాను. నేను నీళ్ళకి వెళ్ళే వేళకి మా గదిలోంచి ఠప్పుమని మడమ చప్పుడు రావడం నాకు కొత్త కాదు. సిపాయి కవాతు చేసుకుంటున్నాడని ఇరుగుపొరుగు నవ్వుతారు. పోనీలే, మగవాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా అని నేనూ పట్టించుకోలేదు. ఆ రోజు కుళాయిలో నీళ్ళు రాలేదు. ఖాళీ బకెట్టుతో వెంటనే తిరిగి వచ్చాను. తలుపు ఓరగా తీసి ఉంది.

ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నారు. నేను చూసింది పక్కనుంచి. మడమ నేలకి తగిలిన క్షణంలోనే కుడి మోచెయ్యి పక్కటెముకలకి నొక్కుకుని, అరచెయ్యి మెడ దాకా వచ్చి ఆగిపోయింది. అంతకుమించి అంగుళం లేవలేదు. లేచినదల్లా ఎడమ మడమ. నడుం ఒరిగింది, మెడ వాలింది, తల సర్రున కిందికి వచ్చి ఆ వేళ్ళకి ఆనింది. చొక్కా కాలరు సర్దుకునేంతసేపట్లో జరిగిపోయింది ఇదంతా. ఎదురుగా నిలబడ్డవాళ్ళకి చెయ్యి కణతకి లేచినట్టు ఉంటుంది. పక్కనుంచి చూసిన నాకు తల చేతి దగ్గరికి దిగడం కనబడింది. అద్దం అంత కిందికి, అంత పక్కకి ఎందుకుందో కూడా అప్పుడే అర్థమైంది. అది ఆయన తల దిగే చోటు.

అద్దంలో నన్ను చూసి ఆయన చప్పున చెయ్యి దించారు. దొంగతనం చేస్తూ దొరికిన మనిషి మొహం అది. నేను బకెట్టు కింద పెట్టి, చొక్కా తీసి తొడిగాను. ముందు కుడిచెయ్యి. భుజం నా చేతి కింద ఎప్పటిలాగే బండలా ఉంది. దాన్ని అనుమానించినందుకు నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆయన గుండీలు పెట్టుకుంటూ, ఎటో చూస్తూ చెప్పారు.

"నన్ను మోసుకొచ్చినవాడు ఆస్పత్రిలో పోయాడు. వాడి శవపెట్టె దించుతుంటే అందరూ సెల్యూట్ పెట్టారు. నేనొక్కణ్ణే చెయ్యి వేలాడేసుకుని నిలబడ్డాను. వాళ్ళమ్మ నా వైపే చూసింది."

ఆ స్నేహితుడి పేరు నాకు తెలుసు. నిద్రలో పిలుస్తారు. కానీ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజునుంచి ఈ సాధన మొదలుపెట్టారట, ఇంకెప్పుడూ అలా నిలబడకూడదని. పట్టు దొరకడానికి చాలా కాలం పట్టిందట. ఇదంతా బోర్డుకి చెబితే సరిపోతుంది కదా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అలా పట్టుకునే మనిషి కాదు.

"ఎవరికీ చెప్పకు. అది దొంగ సెల్యూట్ అని తెలిస్తే ఇంక నా దగ్గర ఏమీ మిగలదు."

సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను. ఆ ఒట్టు వేస్తూనే, ఊరికి ఆ చివర ఉన్న ఆశ్రమం గేటు కళ్ళముందు మెదిలింది.

గుమాస్తా మా తరఫున అప్పీలు పెట్టించాడు. అప్పీలుకైతే ఇంటి మనిషి ఒకరు లోపలికి రావచ్చట. వెళ్ళే ముందు మా ఆయనకి ఒక్కటే చెప్పాను. ఈసారి సెల్యూట్ జోలికి పోకండి, అడిగినప్పుడు చెయ్యి ఎంత లేస్తే అంతే ఎత్తండి, నొప్పి ఉందంటే ఉందని చెప్పండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు కదా అన్నాను. పై అధికారికి సెల్యూట్ పెట్టకపోవడమనే తప్పు ఒకటి ఉందిగా అన్నారు ఆయన. రిటైరైనవాళ్ళు పై అధికారులు ఎలా అవుతారని వాదించి గెలిచాను. గెలిచినందుకు సంతోషం మాత్రం కలగలేదు.

బోర్డు గది చిన్నది. ఫైళ్ళ బీరువాలు, పొడుగాటి బల్ల, బల్ల వెనక మేజరుగారు, పక్కన డాక్టరమ్మ. గుమాస్తా మూల కూర్చున్నాడు. మా ఆయన లోపలికి వచ్చి, చేతులు కిందికి వదిలి, నమస్కారం సార్ అన్నారు. కుడిచెయ్యి తొడని గట్టిగా నొక్కుకుని ఉంది. అది లేవకుండా ఆయన పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరమ్మ చెయ్యి ఎత్తమంది. ఎత్తారు. ఛాతీ దాటి మెడ దగ్గర ఆగింది. ఇంకా ఎత్తమంది. లేవలేదు. ఆవిడ పాత కాగితం తిరగేసింది. ఆవిడని తప్పుపట్టడానికి లేదు, పొద్దుటినుంచి ఎంతమందిని చూసిందో పాపం. విసుగ్గా కలం కింద పెట్టింది.

"పోయినసారి నా కళ్ళతో చూశాను, కణత దాకా లేచింది. అప్పీలుకి వచ్చేసరికి అందరికీ ఇలాగే అవుతుంది. ఎవరు నేర్పించి తీసుకొచ్చారు?"

ఆ చివరిమాట అంటూ నావైపు చూసింది. నాకు మొహంలోకి రక్తం తన్నుకొచ్చింది. నాలుక చివర దాకా వచ్చింది సమాధానం. ఒక్క ముక్క చాలు, మేము బయటపడిపోతాం. మా ఆయన వైపు చూసి పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. వాటిలో ఇంత కష్టమైనది లేదు.

ఆయన నన్ను చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. దొంగ అనిపించుకుంటున్నది తానొక్కడే అయితే భరించేవారేమో. తర్వాత మేజరుగారి వైపు తిరిగారు.

"ఆవిడ ఏమీ నేర్పలేదు సార్. పోయినసారి మిమ్మల్ని మోసం చేసింది నేనే. నన్ను గోడకి నిలబెట్టండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే వెళ్ళి రెండు బీరువాల మధ్య ఖాళీగా ఉన్న గోడకి ఆనుకుని నిలబడ్డారు. మడమలు గోడకి, వీపు గోడకి, తల వెనకభాగం గోడకి. తాను కదిలితే చూడమని డాక్టరమ్మకి చెప్పారు. తర్వాత మడమ ఎత్తి నేలకేసి కొట్టి సెల్యూట్ పెట్టారు.

తల గోడనుంచి కదలలేదు. అందుకని చెయ్యి ఒంటరిదైపోయింది. మెడ కింద ఎముక దాకా వచ్చి, అక్కడినుంచి కణత వైపు వేళ్ళు చాచి, అందక అక్కడే ఆగిపోయింది. అరచెయ్యి మాత్రం సరిగ్గా ఉంది, వేళ్ళు కత్తిలా కలిసి ఉన్నాయి. ఆ వేళ్ళకీ ఆయన కణతకీ మధ్య ఎంత దూరముందో గదిలో అందరం చూశాం. డాక్టరమ్మ లేచి నిలబడింది.

మేజరుగారు, చాలు, చాలు అన్నారు. మా ఆయన దించలేదు. మేజరుగారు మళ్ళీ చాలన్నారు. నుదుటిమీద చెమట కారి కళ్ళలోకి పోతోంది, చెయ్యి భుజందాకా కొట్టుకుంటోంది, అయినా ఆయన ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ నిలబడ్డారు. ఆ క్షణంలో నాకు తప్ప ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, ఆయన దేనికోసం ఆగారో. ఇది నేను ఒట్టు వేసిన విషయం కాదు కనుక నోరు విప్పాను.

"మీరు తిరిగి పెట్టేదాకా ఆయన దించరు సార్."

మేజరుగారు నన్ను చూశారు, ఆయన్ని చూశారు. కుర్చీ వెనక్కి జరిపి లేచారు. వయసు మీద పడ్డ మనిషి, బల్ల పట్టుకుని లేవవలసి వచ్చింది. కోటు గుండీ పెట్టుకుని, నిటారుగా నిలబడి, నిండుగా ఒక సెల్యూట్ పెట్టారు. అప్పుడు మా ఆయన చెయ్యి తెగిన దారంలా కిందికి పడింది.

డాక్టరమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చొక్కా పైనుంచే భుజాన్ని తడిమి చూసింది. లోపల గట్టిగా తగిలే చోట ఆవిడ వేలు ఆగింది. మరి ఆ రోజు ఎలా పెట్టారని అడిగింది, ఈసారి గొంతులో విసుగు లేదు. ఆయన గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసి చూపించారు. తలే చేతి దగ్గరికి వస్తుందమ్మా అన్నారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆవిడ తిరిగి వెళ్ళి కూర్చుని చాలాసేపు రాసింది. మేజరుగారు ఆ కాగితంమీద సంతకం పెడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఇంటికి వస్తూ ఆయన మా వీధి మలుపు దగ్గర ఆగి, వాళ్ళెవరూ నవ్వలేదు కదా అని అడిగారు. లేదన్నాను. ఇస్త్రీ బండి వాడు కెప్టెన్ గారూ అని కేకేశాడు. ఆ రోజు ఆయన దిద్దలేదు.

పెన్షన్ మంజూరైంది. ఆర్డరు వచ్చిన రోజున నేను ఇంటాయన దగ్గరికి వెళ్ళి, గది ఖాళీ చేసేది లేదని చెప్పి, కాస్త గట్టిగానే చెప్పి, అటునుంచి చెల్లెలి ఇంటికి వెళ్ళి దాని వంటింటిని ఒకసారి తనివితీరా చూసి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అద్దం పైన ఉంది. నేను నిటారుగా నిలబడితే మొహం సరిగ్గా కనబడే ఎత్తులో, మధ్యలో, వంకర లేకుండా కొత్త మేకుకి వేలాడుతోంది. కింద స్టూలు, కిటికీలో సుత్తి ఉన్నాయి. సుత్తి దొరికిందా అని అడిగాను. దొరికిందన్నారు. నీకు ఇన్నాళ్ళూ ఇబ్బందిగా ఉంది కదా అన్నారు.

నిజమే, హాయిగానే ఉంది. మోకాళ్ళు వంచకుండా తల దువ్వుకున్నాను. పాపిట ఎంత నెరిసిందో తీరిగ్గా చూసుకున్నాను. కానీ మర్నాడు నీళ్ళకి వెళ్ళినప్పుడు మడమ చప్పుడు వినబడలేదు. ఆ తర్వాతా వినబడలేదు. కుళాయి దగ్గర ఎవరో, సిపాయి కవాతు మానేశాడే అన్నారు. తిరిగి వచ్చి చూస్తే ఆయన మంచంమీద కూర్చుని కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు. నన్ను చూసి నవ్వారు కూడా. అంత నెమ్మదస్తుడైన మొగుడు ఉంటే బాగుండునని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా అలా అయ్యాక ఆ నవ్వు చూడలేక అద్దం వైపు తిరిగాను.

కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒక ఉదయం ఆయనకి చొక్కా తొడిగి, అద్దం దించి, కిందికి వంగి చూశాను. పాత మేకు ఇంకా అక్కడే ఉంది. ఆయన దాన్ని పీకలేదు. అద్దాన్ని దానికే తగిలించాను. ఆయన గాభరాగా లేచి వచ్చి, నీకు మొహం కనబడదే అన్నారు. మోకాళ్ళు వంచడం అలవాటైపోయింది, మానేస్తే పట్టేస్తున్నాయి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అందరికీ తెలిసిపోయాక ఇంకెందుకే?"

"తెలిసింది ఆ గదిలోవాళ్ళకి. మీ స్నేహితుడికి తెలీదుగా."

నేను ఇక అక్కడ నిలబడలేదు. ఇంట్లో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. అయినా ఖాళీ బకెట్టు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, కుళాయికి బయల్దేరాను. మెల్లగా నడిచాను. పాలవాడు ఎదురై ఏదో అడిగితే చేత్తోనే ఆగమన్నాను. మలుపు దాకా వచ్చాక, బకెట్టు చేతులు మార్చుకునే నెపంతో నిలబడ్డాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత మా గదిలోంచి ఠప్పుమని మడమ చప్పుడు వినబడింది.